జనరేటర్ వైరు గోడ ప్లగ్గులో ఎందుకు పెట్టకూడదు

పిల్లలూ,

మొన్న ఫోనులో మీరడిగిన ప్రశ్నకు అప్పుడే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఉండొచ్చు. కానీ అలా తేల్చేసే విషయం కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంటికి చిన్న జనరేటర్ కొన్నారు. కరెంటు పోయినప్పుడు దాని వైరు తెచ్చి గోడ ప్లగ్గులో పెట్టేస్తే ఇల్లంతా వెలుగుతుందని ఎవరో వీడియోలో చూపించారు. అలా చేయొచ్చా అని అడిగారు. వెలుగుతుంది, అది నిజమే. పనిచేస్తుంది కాబట్టే జనం అలా చేస్తున్నారు, ప్రాణాల మీదకు తెచ్చుకుంటున్నారు. మీరు మాత్రం ఎప్పుడూ చేయకండి, ఇంట్లో ఎవరినీ చేయనివ్వకండి. ఎందుకో చెబుతాను.

ముందు ఆ వైరు సంగతి చూద్దాం. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరుకు ఒక కొసన ప్లగ్గు, రెండో కొసన సాకెట్ ఉంటాయి. కరెంటు ఉండేది సాకెట్ రంధ్రాల లోపల. చెయ్యి తగలకూడదనే అలా తయారుచేస్తారు. వీడియోలో చూపించిన వైరుకు రెండు కొసలా ప్లగ్గులే. ఒక కొస నడుస్తున్న జనరేటర్‌లో ఉండగా రెండో కొస చేతిలో ఉందనుకోండి, ఆ ఇత్తడి పిన్నుల మీద 230 వోల్టులు ఏ అడ్డూ లేకుండా బయటికే ఉంటాయి. చీకట్లో గోడ తడుముకుంటూ వేలు కాస్త జారితే చాలు. అలాంటి వైరు ఇంట్లో ఉంటే నాన్నకు చెప్పి ఒక ప్లగ్గు కోసి పారేయించండి.

ఇక రెండో ప్రమాదం ఇంటి బయట ఉంటుంది. లైన్ల మీద పనిచేసేవాళ్లతో కలిసి పనిచేసినవాణ్ణి కాబట్టి నా మనసులో ఎప్పుడూ మెదిలేది ఇదే. గోడ ప్లగ్గులోకి ఎక్కించిన కరెంటు ఇంట్లో బల్బుల దగ్గరే ఆగదు. మెయిన్ ఆన్‌లో ఉంటే మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభం దాకా, అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా తెరుచుకునే తలుపులాంటిది. మామూలు రోజుల్లో 11,000 వోల్టులను తగ్గించి మన ఇళ్లకు 230 వోల్టులుగా ఇస్తుంది. ఇటువైపు నుంచి 230 ఇస్తే అటువైపు మళ్లీ 11,000 దాకా లేపుతుంది. ఆ సమయానికి ఓ లైన్‌మన్, సప్లై ఆపేశారు కదా అనుకుని, తెగిన తీగను చేత్తో పట్టుకుని ఉండొచ్చు.

ఇంత చిన్న జనరేటర్ ఊరి లైనంతా నడుపుతుందా అని పెద్దవాడు అడుగుతాడని నాకు తెలుసు. నడపలేదు. చుట్టుపక్కల ఇళ్ల లోడంతా మీద పడితే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవచ్చు, లేదా లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే దాని బ్రేకర్ పడిపోవచ్చు. అయితే గాలివానకు మీ ఇంటి దగ్గరే తీగ తెగిందనుకోండి. అవతల లోడు ఉండదు, వోల్టేజి పూర్తిగా నిలబడుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్లు అక్కర్లేదు, కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు.

పోయిన కరెంటు తిరిగొస్తే ఏమవుతుందో కూడా వినండి. లైను కరెంటు, జనరేటర్ కరెంటు రెండూ సెకనుకు 50 సార్లు ఊగుతుంటాయి, కానీ ఒకదాని ఊపుతో ఇంకోదానికి పొంతన ఉండదు. రెండూ ఒకే తీగ మీద ఢీకొంటే జనరేటర్ కాయిల్ కాలిపోతుంది. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉందని మర్చిపోకండి.

"మెయిన్ ఆపేసి పెడితే సరిపోతుంది కదా తాతయ్యా" అంటారు. చాలామంది పెద్దవాళ్లు కూడా ఇదే అంటారు. ఆపితే కరెంటు బయటి లైనుకు పోదు, కానీ ఆపడం గుర్తుండాలి కదా. రాత్రి పూట, బయట వాన, లోపల చంటిపిల్ల ఏడుపు, అందరికీ టెన్షన్. ఒకరు మెయిన్ ఆపుతారు, అది తెలియని ఇంకొకరు వెళ్లి ఆన్ చేస్తారు. స్తంభం మీద ఉన్న మనిషి ప్రాణం మన జ్ఞాపకశక్తి మీద ఆధారపడకూడదు. లైనూ జనరేటరూ కలవాలన్నా కలవలేని ఏర్పాటు ఉండాలి.

ఆ ఏర్పాటు పేరు చేంజోవర్ స్విచ్. మీటరుకూ ఇంటి స్విచ్‌బోర్డుకూ మధ్య బిగిస్తారు. దాని లీవరుకు మూడు స్థానాలుంటాయి. 1 మీద పెడితే ఇంటికి లైను కరెంటు వస్తుంది, 2 మీద పెడితే జనరేటర్ కరెంటు వస్తుంది, మధ్యలో 0. మీ ఇంట్లో బిగించాక ఎలక్ట్రీషియన్‌ను ఓసారి నెమ్మదిగా తిప్పి చూపించమనండి. 1 నుంచి బయల్దేరిన లీవరు 0 దాటకుండా 2కు చేరదు. టక్కుమని ఒక శబ్దం, అప్పటికి ఇల్లు రెంటికీ తెగిపోయి ఉంటుంది. ఆ తర్వాతే రెండో టక్కు. పాతదాన్ని వదలకుండా కొత్తదాన్ని పట్టుకోవడం ఆ స్విచ్ వల్ల కాదు. ఎవరు ఎంత కంగారులో తిప్పినా అంతే. నాకు దానిలో బాగా నచ్చేది అదే.

జనరేటర్ వైరు తగిలించడానికి బయటి గోడకు ఒక ఇన్‌లెట్ పెట్టె బిగిస్తారు. అందులో పిన్నులు పెట్టె లోపలికి ఉంటాయి, జనరేటర్ నుంచి వచ్చే వైరు కొసన సాకెట్ ఉంటుంది. కాబట్టి కరెంటున్న పిన్ను ఎక్కడా బయటికి కనిపించదు. చేంజోవర్ ఫేజునూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌నూ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) రెంటినీ మార్చే రకమైతే మంచిది. జనరేటర్‌లో న్యూట్రల్ ఎర్తుకు కలిపి ఉందో లేదో కూడా చూడమనండి. కలిపి లేకపోతే, షాక్ కొట్టే లీకేజీ వచ్చినా ఇంట్లో ఉన్న 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సప్లై ఆపేసే స్విచ్) పడకపోవచ్చు. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి తేల్చాల్సిన పని. చూడ్డానికి సులువుగానే ఉన్నా మనం చెయ్యి పెట్టకూడదు. ఇంటి మీద సోలార్ పలకలో, ఇన్వర్టరో ఉంటే ఆ సంగతీ అతనికి ముందే చెప్పాలి. కరెంటు ఆఫీసుకు తెలియజేయాల్సి ఉంటే అదీ అతన్నే అడగండి.

స్విచ్ బిగించేదాకా ఏం చేయాలి? ఇంటి వైరింగ్ జోలికి పోకుండా, జనరేటర్ మీదున్న సాకెట్ నుంచే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరుతో ఫ్రిజ్జూ, ఒక ఫ్యానూ, రెండు లైట్లూ నడుపుకోవచ్చు. వైరు చుట్ట మొత్తం విప్పాకే వాడండి. చుట్టగా ఉంటే వేడి బయటికి పోక ప్లాస్టిక్కు కరుగుతుంది.

లోడు లెక్క మీరే వేయగలరు, వేయండి. జనరేటర్ 2,000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. పేరుపలక మీద గరిష్ఠ వాట్లు, నిలకడగా ఇచ్చే వాట్లు అని రెండు అంకెలుంటే చిన్న అంకెనే నమ్మండి. ఎల్‌ఈడీ బల్బుకు 9, ఫ్యానుకు 75, ఫ్రిజ్జుకు 150 అనుకుంటే చాలా మిగిలినట్టే ఉంటుంది. కానీ ఫ్రిజ్జు మోటారు మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. గీజరు ఒక్కటే 2,000 తినేస్తుంది, దాన్ని వదిలేయండి. అన్నీ ఆపి ఉంచి ముందు జనరేటర్ స్టార్ట్ చేయాలి, ఇంజను శబ్దం కుదురుకున్నాక లీవరు తిప్పాలి, ఆ తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రావాలి. ఆపేటప్పుడు ముందు లోడు తీసేయాలి, ఇంజను చివర.

వైరింగ్ ఎంత బాగున్నా జనరేటర్ పొగ చంపగలదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే స్పృహ పోతుంది. అందుకని గదిలోనే కాదు, బాల్కనీలో, మెట్ల కింద, తలుపు తీసి ఉన్న షెడ్డులో కూడా జనరేటర్ నడపకూడదు. కిటికీలకూ తలుపులకూ కనీసం 6 మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టాలి, పొగగొట్టం ఇంటికి అటువైపు తిరిగి ఉండాలి. వాన పడితే పైన కప్పు చాలు, పక్కలు మూయకూడదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం మొదలైతే కారణం వెతుకుతూ కూర్చోకండి. అందర్నీ లేపి ముందు బయటికి రండి, అప్పుడు అంబులెన్సుకు ఫోన్ చేయండి. పడుకునే గది దగ్గర బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టించమని అమ్మను అడగండి.

పెట్రోలు పోసేది పెద్దవాళ్లే, అది కూడా ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక. తడి చేతులతో జనరేటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు.

స్విచ్ బిగించాక నాకు రెండు ఫొటోలు పంపండి. లీవరు 0 మీద ఉన్నది ఒకటి, జనరేటర్ పెట్టిన చోటు కిటికీకి ఎంత దూరమో టేపుతో కొలిచి చూపించేది ఇంకొకటి.

ప్రేమతో,
మీ తాతయ్య