వండాక గడిచిన గంటలు

వాంతులు మొదలవగానే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న "ఇందాక బయట ఏం తిన్నావు?" అనే. ఆఖరున తిన్నదే దోషి అయిపోతుంది. మూడేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు జ్వరం, మోషన్స్ పట్టుకుంటే, ఆ పొద్దున టిఫిన్ సెంటర్లో తిన్న ఇడ్లీని అమ్మ తిట్టిపోసింది. నేనూ దాని పనే అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం ఇడ్లీ మాట వినిపించుకోలేదు. "శుక్రవారం నుంచి ఎక్కడెక్కడ తిన్నారో చెప్పండి" అన్నారు. శుక్రవారం రాత్రి ఆఫీసువాళ్లం కలిసి ఒక హోటల్లో మండీ తిన్నాం. పక్కన గిన్నెలో మయోనైజ్ ఇచ్చారు. ఆయన అనుమానం దాని మీద. నలభై గంటల కిందట తిన్నది ఇప్పుడు కడుపును పట్టుకోవడమేమిటని ఆశ్చర్యపోయాను. ఈ విషయం గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

చెడిన తిండి మనల్ని రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. మొదటి దారిలో బ్యాక్టీరియా ఆహారంలోనే పెరిగి, అక్కడే విషం తయారుచేసి పెడుతుంది. మన నోట్లోకి వచ్చేది సిద్ధంగా ఉన్న విషం కాబట్టి గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. బాసిల్లస్ సెరియస్, స్టెఫిలోకాకస్ ఆరియస్ చేసే పని ఇదే. రెండో దారిలో బతికున్న సూక్ష్మజీవి పేగుల్లోకి చేరి, అక్కడ పెరిగాక జబ్బు చేస్తుంది. దానికి టైం పడుతుంది. సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి మూడు రోజులు, టైఫాయిడ్‌కు సాధారణంగా వారం నుంచి మూడు వారాలు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ అయితే 15 నుంచి 50 రోజులు తీసుకుంటుంది. నెల కిందట ఏ హోటల్లో ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుంది?

ఈ మొదటి దారి గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది: "బాగా వేడిచేస్తే ఏ క్రిమీ మిగలదులే." అన్నం విషయంలో ఈ నమ్మకమే మోసం చేస్తుంది.

బాసిల్లస్ సెరియస్ మట్టిలో ఉండే బ్యాక్టీరియా. పొలం నుంచి బియ్యపు గింజను అంటుకుని వంటింటిదాకా వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు బ్యాక్టీరియా చస్తుంది కానీ దాని స్పోర్లు చావవు. బడిలో సిద్ధబీజాలు అని చదువుకున్నాం, అవే. గట్టి పెంకుతో నిద్రపోతున్నట్టు ఉండే రూపం. అన్నం గోరువెచ్చగా చల్లారాక అవి మేలుకుని బ్యాక్టీరియాగా మారతాయి. అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయనుకుంటే, వంద బ్యాక్టీరియా నాలుగు గంటల్లో నాలుగు లక్షలు దాటుతాయి. అలా పెరుగుతూ సెరులైడ్ అనే విషాన్ని అన్నంలోకి వదులుతాయి.

ఏ ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరైనా సాయంత్రం చూడండి, పెద్ద బేసిన్ నిండా చల్లారిన అన్నం ఉంటుంది. వేడన్నంతో ఫ్రైడ్ రైస్ చేస్తే ముద్దవుతుంది కాబట్టి మధ్యాహ్నమే వండి ఆరబెడతారు. 1970లలో బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు గంటల్లోనే వాంతులతో పడిపోతుంటే కారణం వెతికారు. అక్కడి వంటగదుల్లో అన్నం పెద్ద మొత్తంలో ఉడికించి, ఫ్రిజ్‌లో పెడితే ఉండలు కడుతుందని బయటే వదిలేసేవారు. ఆ జబ్బుకు ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అనే పేరే స్థిరపడింది.

పెద్ద మంట మీద బాణలి ఎగరేస్తూ వేయించినా సెరులైడ్‌కు ఏమీ కాదు. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా అది చెక్కుచెదరదని ప్రయోగాల్లో తేలింది. మన ప్రెషర్ కుక్కర్ లోపలి వేడి సుమారు 120 డిగ్రీలు. అంటే ఆ అన్నాన్ని కుక్కర్లో పెట్టి గంటన్నర సేపు విజిల్స్ వేయించినా విషం మిగిలే ఉంటుంది. స్టెఫిలోకాకస్ విషమూ మరిగిస్తే పోయేది కాదు. ఆ బ్యాక్టీరియా వంటవాడి ముక్కులోంచో వేలి మీది పుండులోంచో తిండిలోకి చేరుతుంది. ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది కూడా.

మరి రాత్రంతా ఉంచిన చద్దన్నం తిని తరతరాలు బతికాయి కదా, అనే అనుమానం రావాలి. నాకూ వచ్చింది. చద్దన్నాన్ని పొడిగా వదిలేయరు. నీళ్లో మజ్జిగో పోసి ఉంచుతారు, కోస్తాలో తరవాణి కుండ పెట్టేవారు. మజ్జిగలోని లాక్టిక్ బ్యాక్టీరియా ముందే స్థలం ఆక్రమించి అన్నాన్ని పులియబెడతాయి. ఆ పులుపులో బాసిల్లస్ సెరియస్ ఎదగలేదు. చింతపండు బాగా పట్టించిన పులిహోర ప్రయాణాల్లో నిలవ ఉండేదీ అందుకే. బేసిన్‌లోని తెల్లన్నానికి ఆ కాపలా లేదు. మనవాళ్లకు స్పోర్ల సంగతి తెలియకపోవచ్చు, కానీ ఏది నిలుస్తుందో ఏది నిలవదో బాగా గమనించారు. ఆ గమనింపు మీద నాకు చాలా గౌరవం.

గుండిగల్లో వండే మాంసం కూరలది ఇంకో కథ. ఇక్కడ దోషి క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. దీనికీ స్పోర్లున్నాయి, పైగా గాలి తగలని చోటు కావాలి. పెద్ద గుండిగ అడుగున, చిక్కటి గ్రేవీ కింద దానికి సరిగ్గా అలాంటి చోటే దొరుకుతుంది. గిన్నె ఎంత పెద్దదైతే లోపలి వేడి బయటికి రావడానికి అంత ఎక్కువ సేపు పడుతుంది. పైన చేయి పెట్టి చూస్తే చల్లారినట్టే ఉంటుంది, నడిమధ్య గంటల తరబడి నులివెచ్చగా ఉంటుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య ఈ బ్యాక్టీరియా పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపులో మెలితిప్పే నొప్పి, మోషన్స్. అయితే ఇది మన పేగుల్లోకి వెళ్లాకే విషం వదులుతుంది కాబట్టి, వడ్డించే ముందు కూరను పూర్తిగా మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది. ఇక్కడ వేడి పనిచేస్తుంది. కర్రీ పాయింట్‌వాళ్లు మిగిలిన కూరను లోతు తక్కువ ట్రేల్లోకి పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెడితే సగం ప్రమాదం పోతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండి గడిపే సమయాన్ని తగ్గించడమే అసలు పని.

ఇక నన్ను పడగొట్టిందని డాక్టరుగారు అనుమానించిన మయోనైజ్. పచ్చి గుడ్డును నూనెతో గిలక్కొట్టి చేస్తారు, పొయ్యి ముట్టించే పనే లేదు. కొన్ని కోళ్లలో సాల్మొనెల్లా అండాశయంలోనే ఉంటుంది. అప్పుడు పెంకు ఎంత కడిగినా లాభం లేదు, గుడ్డు లోపలే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక గుడ్డు ఆమ్లెట్ అయితే ఒకరికి, అదీ సరిగా వేగకపోతేనే ప్రమాదం. అదే గుడ్డు మయోనైజ్ గిన్నెలో కలిస్తే ఆ గిన్నెలోది తిన్న అందరికీ. కేరళ 2023 జనవరిలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. హైదరాబాద్ బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వమూ ఏడాది పాటు నిషేధం పెట్టింది. పాశ్చరైజ్ చేసిన గుడ్లతో చేసినదానికి ఆ నిషేధం వర్తించలేదు.

వాసన చూసి కనిపెట్టవచ్చనుకోకండి. తిండిని కుళ్లబెట్టి కంపు కొట్టించేవి వేరే సూక్ష్మజీవులు. జబ్బు చేసేవి లక్షల్లో ఉన్నా రంగు, రుచి, వాసన మారకపోవచ్చు.

జబ్బు పడ్డాక ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సెలైన్ అయిపోవడంతో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ నీళ్లలో గ్లూకోజు, ఉప్పు కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలపండి. మోషన్‌లో రక్తం పడినా, జ్వరం బాగా ఎక్కువైనా, మూత్రం రావడం ఆగినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్ల విషయంలో అంతవరకూ ఆగకూడదు.

అనుమానం ఉంటే బిల్లు పారేయకండి. 2022 నుంచి హోటల్ బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలనే నియమం ఉంది. ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఫిర్యాదు చేయడానికి అది పనికొస్తుంది. విచారణకు వచ్చినవాళ్లు జబ్బు పడ్డవాళ్లనే కాదు, అక్కడే తిని బాగున్నవాళ్లనూ అడుగుతారు. ఎవరు ఏం తిన్నారు, ఎవరికి ఎన్ని గంటలకు మొదలైంది అనే రెండు వివరాలు పక్కపక్కన పెడితే దోషి దొరుకుతుంది.

నేను కోలుకుని ఆఫీసుకు వెళ్లాక అదే అడిగాను. ఆ రాత్రి తిన్న ఏడుగురిలో నలుగురికి శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యలో మోషన్స్ పట్టుకున్నాయి. మయోనైజ్ ముట్టని ముగ్గురూ బాగానే ఉన్నారు. మేం ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, చేయవచ్చని కూడా మాకు తోచలేదు. పక్క టేబుల్ దగ్గర ఆ రోజు ఒక కుటుంబం కూర్చుని ఉండటం మాత్రం గుర్తుంది. ఇద్దరు చిన్నపిల్లలు ఆ తెల్లటి గిన్నె కోసం పోటీపడుతున్నారు.