చేతికి డబ్బిస్తే పాడవుతారా? పల్లెల్లో నగదు సాయం: అపోహలు - వాస్తవాలు

పాలమూరు పల్లెల్లో పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను. పింఛన్లు, రైతుబంధు (ఇప్పుడు రైతు భరోసా), పీఎం కిసాన్, ఉపాధి హామీ కూలి అందాల్సిన వాళ్లకు అందేలా చూడటం నా పని. దరఖాస్తు రాసిపెట్టడం దగ్గర్నుంచి బ్యాంకు కౌంటర్ ముందు వాళ్ల పక్కన నిలబడటం దాకా అన్నీ ఇందులోనే ఉంటాయి. నేను చేసే పని తెలిస్తే చాలు, బస్సులోనైనా పెళ్లిలోనైనా ఎవరో ఒకరు నగదు సాయం గురించి అవే మాటలు అంటారు. వాటికి ఒక్కచోట జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణలో వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే ఆసరా పింఛను 2014లో 1,000 రూపాయలు, 2019లో 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పింఛను 2024లో 4,000కు చేరింది. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, మూడు విడతల్లో వస్తుంది. 2,016ను ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 67 రూపాయలు. ఈ అంకె గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

అపోహ: డబ్బు చేతికిస్తే బెల్టు షాపుకే పోతుంది

పింఛను రోజు పోస్టాఫీసు దగ్గర ఒక గంట నిలబడితే ఆ డబ్బు ఎటు పోతుందో కంటితో చూడొచ్చు. మొదట కిరాణా కొట్టుకు పోతుంది, ఉద్దెర (అరువు) తీర్చడానికి. తర్వాత బీపీ గోలీలకు, షుగరు గోలీలకు. మిగిలింది కొంగున ముడి పడుతుంది. నాకు బాగా తెలిసిన ఒక పెద్దమ్మ పింఛను రాకముందు నెలంతా ఉద్దెర మీదే బతికేది. ఉద్దెర సరుకుకు కొట్టువాడు నాలుగైదు రూపాయలు ఎక్కువే వేస్తాడు, పుచ్చిన పప్పు ఇచ్చినా మాట్లాడే వీలుండదు. పింఛను మొదలైన కొన్ని నెలలకు ఆమె ఉద్దెర పుస్తకం మూసేసి, మండల కేంద్రంలో వారం అంగడికి పోయి నగదుతో కొనుక్కోవడం మొదలుపెట్టింది. అవే రూపాయలకు ఎక్కువ సరుకు వచ్చింది. "ఇప్పుడు పప్పు ఏరి తెచ్చుకుంటున్న బిడ్డా" అన్నది నాతో. పేదరికంలో అన్నిటికంటే ఖరీదైనది ఉద్దెర అని నాకు అర్థమైంది ఆమె దగ్గరే.

2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. నగదు సాయం అందిన కుటుంబాల్లో మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు. చాలాచోట్ల కాస్త తగ్గింది కూడా.

తాగేవాళ్లు లేరని నేననను. తల్లి పింఛను లాక్కున్న కొడుకును చూశాను. ఆ ఇంటికి పోయి గొడవపడ్డాను కూడా. కానీ అతను కూలి డబ్బుతోనూ తాగుతాడు. పింఛను ఆపేస్తే అతని తాగుడు ఆగదు, ఆ తల్లి మందులు ఆగుతాయి.

అపోహ: డబ్బు వస్తే పని మానేస్తారు

నాట్ల సమయంలో ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది. కూలీలు దొరక్క ఇబ్బంది పడుతున్న రైతు అన్నప్పుడు నాకు కోపం రాదు, ఆయన కష్టం ఆయనది. కానీ రోజుకు 67 రూపాయలు చూసుకుని కూలికి పోవడం మానేసిన మనిషిని ఇన్నేళ్లలో నేను చూడలేదు. అభిజిత్ బెనర్జీ, మరి కొందరు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లోని ఏడు నగదు పథకాల వివరాలు తిరగేశారు. ఎక్కడా జనం పని తగ్గించుకున్నట్టు కనబడలేదు.

ఎవరి కింద పని, ఏ షరతు మీద పని అన్నవి మాత్రం మారతాయి. ఈ మార్పు గురించే నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను.

మా వైపు వలస ఎలా సాగుతుందో పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. వానాకాలం పంటకు విత్తనాలు, ఎరువులు దుకాణంలో అప్పుగా తెస్తారు. పంట అదే దుకాణానికి, అతను చెప్పిన ధరకే వేయాలి. అప్పు, వడ్డీ కోసుకోగా చేతికొచ్చేది ఇంటి ఖర్చుకు చాలదు. దసరా దాటాక గుంపు మేస్త్రీ వస్తాడు. ఇరవై వేలో, ముప్ఫై వేలో అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఇక మొగుడూ పెళ్లాం ఆ అడ్వాన్సు తీరేదాకా అతను తీసుకుపోయిన చోట పనిచేయాల్సిందే. పిల్లలు వెంట పోతే బడి పోయినట్టే.

రెండెకరాల పత్తి వేసే ఒక కుటుంబంలో ఈ గొలుసు ఎక్కడ తెగిందో నేను దగ్గరగా చూశాను. ఒక ఏడాది జూన్‌లో రైతుబంధు ఎకరానికి 5,000 చొప్పున పదివేలు సమయానికి పడ్డాయి. విత్తనాలు నగదుకు తెచ్చారు. ఎరువులు కొంత మాత్రమే అప్పు చేశారు. పత్తి ఎవరికి అమ్మాలో వాళ్లే చూసుకున్నారు. మేస్త్రీ వచ్చినప్పుడు అడ్వాన్సు అక్కర్లేదన్నారు. ఆ ఏడు అతనొక్కడే హైదరాబాద్ పోయి, ఏ వారం కూలి ఆ వారం తీసుకున్నాడు. ఆమె ఇంటి దగ్గరే ఉంది, పిల్లలు పరీక్షలు రాశారు. పని ఎవరూ మానలేదు. కట్టుబడి చేయాల్సిన పని పోయింది.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ జిల్లాలోని ఎనిమిది ఊళ్లలో 2011లో సేవా (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం యునిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఏ షరతూ లేకుండా పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చారు. తర్వాత 300, 150 చేశారు. ఒక గిరిజన గ్రామంలోనూ ఇలాగే ఇచ్చారు. గై స్టాండింగ్, రెనానా ఝాబ్‌వాలాతో పాటు ఈ పరిశోధన నడిపిన శరత్ దావాల హైదరాబాద్‌లో ఉండే సామాజిక శాస్త్రవేత్త. సాయం అందిన ఊళ్లలో తిండి మెరుగైంది, చిన్న ఆడపిల్లల బరువు పెరిగింది, మేకలూ కోళ్లూ పెరిగాయి. గిరిజన గ్రామంలో ఇతరుల దగ్గర కూలి తగ్గించుకుని సొంత చేను చేసుకున్నవాళ్లు పెరిగారు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి మొదట్లో అందింది నెలకు 700 మాత్రమే.

అపోహ: ఎప్పుడిచ్చినా ఒకటే, ఎంత ఇచ్చారన్నదే ముఖ్యం

ఇది సాయం ఇచ్చే వైపు ఉన్నవాళ్ల అపోహ. ఒక్క లెక్క చెబుతాను. మా ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలు, అవసరాన్ని బట్టి ఐదు కూడా తీసుకుంటారు. జూన్‌లో రావాల్సిన పదివేలు నవంబర్‌లో వస్తే, ఆ ఐదు నెలలకు తెచ్చిన పదివేల అప్పుకు మూడు రూపాయల వడ్డీతోనే 1,500 పోతుంది. దుకాణానికి పంటను ముందే రాసిచ్చేయడం వల్ల పోయేది అదనం. అంటే సాయం మొత్తం తగ్గించకుండానే, ఆలస్యంతో ఏడో వంతు తగ్గించినట్టు. పింఛను ఏ తేదీన వస్తుందో తెలియనప్పుడు ముసలివాళ్లు మళ్లీ ఉద్దెరకే పోతారు. కచ్చితంగా ఫలానా రోజు వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆ నమ్మకం మీదే కొట్టువాడు కూడా మర్యాదగా మాట్లాడతాడు.

అపోహ: అంత డబ్బు దిగితే ఊళ్లో ధరలు పెరుగుతాయి

కెన్యాలోని సియాయా ప్రాంతంలో 653 ఊళ్లలో దీన్ని కొలిచారు. పదివేలకు పైగా కుటుంబాలకు ఒక్కో ఇంటికి సుమారు 1,000 డాలర్లు ఇచ్చారు. ధరలు పెరిగింది 0.1 శాతం మాత్రమే. డబ్బు అందని ఇళ్ల ఆదాయం కూడా పెరిగింది, ఎందుకంటే ఆ డబ్బు ఊరి దుకాణాల్లో, ఊరి పనివాళ్ల దగ్గరే తిరిగింది.

అపోహ: రైతుకిస్తే ఊళ్లో పేదలందరికీ ఇచ్చినట్టే

ఈ విషయంలో నాకు బాధ ఉంది. రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకు వచ్చింది. పది ఎకరాల ఆసామికి పంటకు యాభై వేలు, ఎకరం ఉన్నవాడికి ఐదు వేలు. ఆ పది ఎకరాలను కౌలుకు తీసుకుని అప్పు తెచ్చి సాగుచేసే మనిషికి ఏమీ లేదు. కౌలు చీటీ మీద ఎవరూ సంతకం పెట్టరు, పెడితే భూమి పోతుందని వాళ్ల భయం. 2025 జనవరిలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద, ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసిన భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ప్రకటించినప్పుడు నాకు సంతోషం కలిగింది, కనీసం వాళ్లూ ఉన్నారని ఒక జాబితాలోకి ఎక్కినందుకు. కౌలు రైతు సంగతి ఇంకా అక్కడే ఉంది.

పేదరికం మొత్తం నగదు సాయంతోనే పోతుందని చెప్పేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. రేషన్ బియ్యం తీసేసి డబ్బివ్వమనేవాళ్లతో అసలే ఒప్పుకోను. బియ్యం ధర పెరిగినప్పుడల్లా ఆ డబ్బును ఎవరు పెంచుతారు? ఒక్క ఆపరేషన్ పడితే పదేళ్ల పింఛను పోతుంది. ఆసుపత్రి, బడి, పంటకు ధర వేరేగా ఉండాల్సిందే.

అపోహ: ఖాతాలో పడితే చేతికి అందినట్టే

నా పనిలో సగం ఇదే. డబ్బు ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకు ముడిపడిందో ఆ ఖాతాకు పోతుంది. సంఘం లోను కోసం ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచిన ఒకామె, రెండు విడతల పీఎం కిసాన్ రాలేదని నెలల తరబడి పాత బ్యాంకు చుట్టూ తిరిగింది. డబ్బు కొత్త ఖాతాలో అలాగే ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫోనుకు వచ్చిన మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంది.

ఇక వేలిముద్రలు. ముప్ఫై ఏళ్లు పత్తి ఏరిన వేళ్ల మీద గీతలు మిగలవు. మూడుసార్లు పెట్టినా తీసుకోకపోతే "రేపు రా అవ్వా" అని పంపేస్తారు. రేపు రావడమంటే ఆటో ఖర్చు, ఒక పూట కూలి. ఇంకోచోట డబ్బిచ్చే మనిషే యాభయ్యో వందో పట్టుకుని మిగతాది చేతిలో పెట్టడం చూశాను. అడిగితే "నెట్టు ఖర్చు" అన్నాడు.

ఈ చివరి అడుగు బాగుపడదనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి కొన్ని మండలాల్లో ఉపాధి హామీ కూలికి, పింఛన్లకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం కొలిచి చూసింది. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. తర్వాత మరో సంగతి తేలింది: ఆ మండలాల్లో పేదల ఆదాయం పెరిగింది, అందులో ఎక్కువ భాగం బయటి కూలి పనుల సంపాదన పెరగడం వల్ల వచ్చింది. నేను పైన చెప్పిన మేస్త్రీ అడ్వాన్సు కథకు ఇది దగ్గరి చుట్టం.

ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే వాళ్ల పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయించండి. ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో చూడండి. పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ అయిందో లేదో కనుక్కోండి. వేలిముద్ర పడకపోతే కంటిపాప యంత్రం పెట్టమని అడగండి. డబ్బిచ్చే మనిషి దగ్గర రసీదు అడిగి తీసుకుని, అందులో ఉన్న అంకెను వాళ్లకు పైకి చదివి వినిపించండి.