పాత సినిమా అయితే మాత్రం ఫ్రీ ఎలా అవుతుంది?

మొన్న రాత్రి పదకొండింటికి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, నా ఛానల్ పోతుందా?" గొంతు వణుకుతోంది. 1934లో బ్రిటిష్ దర్శకుడు హిచ్‌కాక్ తీసిన సినిమా 'ద మ్యాన్ హూ న్యూ టూ మచ్' మొత్తానికీ తెలుగు సబ్‌టైటిల్స్ వేసి యూట్యూబ్‌లో పెట్టాడట. స్ట్రైక్ పడింది, అంటే హక్కుదారు ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియో తీసేసి ఛానల్‌కు ఇచ్చే హెచ్చరిక. పాత సినిమాలకు సబ్‌టైటిల్స్ రాయడం, వాటి హక్కుల సంగతి కనుక్కోవడం నా పని. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు.

అపోహ: తొంభై ఏళ్లు దాటిన సినిమా, పబ్లిక్ డొమైన్‌లో ఉన్నట్టే, అంటే ఎవరి హక్కులూ లేనట్టే, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఏ దేశంలో? ముందు అడగాల్సింది అదే. మన చట్టంలో సినిమాకు 60 ఏళ్లు. ఆ లెక్కన 1994తోనే గడువు తీరింది. బ్రిటన్‌లో అలా కాదు. దర్శకుడు, స్క్రీన్‌ప్లే, మాటల రచయితలు, సంగీతకర్త, వీళ్లలో అందరికంటే చివర పోయినవాళ్ల తర్వాత ఇంకో 70 ఏళ్లు. హిచ్‌కాక్ పోయింది 1980లో. కనీసం 2050 దాకా హక్కులు ఉంటాయి. అమెరికాలో ఒకప్పుడు ఈ సినిమా నిజంగానే పబ్లిక్ డొమైన్. 1996లో విదేశీ సినిమాలకు అక్కడ హక్కులు తిరిగొచ్చాయి. పాత మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మీ వీడియో లండన్‌లోనూ కనిపిస్తుంది కదా, మన లెక్క ఒక్కటే చూసుకుంటే ఎలా? "ఫలానా ఛానల్లో ఉందిగా" అనకండి. వాళ్లకు ఇంకా నోటీసు రాలేదేమో!

టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే వీడియోలోది తమదని హక్కుదారు చెప్పుకోవడం, అది స్ట్రైక్ లెక్కలోకి రాదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్‌కు ముప్పు. కంగారుపడి వీడియో డిలీట్ చేసినా పడిన స్ట్రైక్ పోదు. ఆ కుర్రాడికి పడింది ఒక్కటే. "పడుకో నాన్నా, పొద్దున చూద్దాం" అన్నాను.

ఈ సినిమా గురించి మిగతా అపోహలు గబగబా. ఇంగ్లిష్ రచయిత చెస్టర్టన్ పుస్తకం నుంచి తీసుకున్నది పేరు మాత్రమే, కథ కాదు. 'కె సెరా సెరా' పాట ఇందులో ఉండదు, అది ఇదే సినిమాను హిచ్‌కాకే 1956లో మళ్లీ తీసినదాంట్లోది. చివరి కాల్పులు ఊరికే పుట్టలేదు, 1911లో లండన్ సిడ్నీ స్ట్రీట్‌లో జరిగిన ముట్టడే దానికి ఆధారం.

ఇది 1956 సినిమాకు చిత్తుప్రతి అంటే మాత్రం ఒప్పుకోను. మొదటిది ప్రతిభ ఉన్న ఔత్సాహికుడి పని, రెండోది ప్రొఫెషనల్ పని అని హిచ్‌కాకే అన్నాడు. అయినా సరే. మొదటిదాంట్లో, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో తుపాకీ పోటీలో తల్లి, హంతకుడైన రామోన్ చేతిలో ఓడిపోతుంది. చివర్లో ఎత్తుకెళ్లిన కూతురు ఇంటికప్పు మీద ఉంటుంది, వెనకాలే రామోన్. పిల్లకు తగులుతుందేమోనని పోలీసు వెనకాడతాడు. తల్లి తుపాకీ అందుకుని కాలుస్తుంది. రెండోదాంట్లో తల్లికి ఇది లేదు. సబ్‌టైటిల్స్ సరిచూస్తుంటే మా అమ్మ పక్కనే కూర్చుంది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆ సీన్ రాగానే నా చెయ్యి పట్టుకుని, "వీడు మొదట్లో ఈవిడ మీద గెలిచినవాడే కదూ!" అంది.