కాటా మీద పాట

తెనాలి నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా నాన్నగారి కాలం నాటి 20 వాట్ల ఆంప్లిఫయర్ ఇంకా పనిచేస్తోంది. మావాడు ఈమధ్య కొన్న డబ్బా మీద 4000 వాట్లు అని రాసి ఉంది. వీణ కచేరీ పెడితే నాకు పాతదాంట్లోనే బాగుంటుంది. ఇది నా చాదస్తమా? బంగారు పూత వైరు వేస్తే కొత్తది బాగుపడుతుందని కొట్టువాడు అంటున్నాడు, నిజమేనా?"

చాదస్తం కాదండీ. ముందు ఆ 4000 సంగతి తేల్చేద్దాం. దాని పక్కన పి.ఎం.పి.ఓ. అని చిన్న అక్షరాలు ఉంటాయి చూడండి. ఆ మాటకు అందరూ ఒప్పుకున్న కొలమానం అంటూ ఏదీ లేదు, ఎవరి లెక్క వారిది. డబ్బా వెనక్కి తిప్పితే కరెంటు ఎంత లాగుతుందో రాసి ఉంటుంది. అక్కడ 60 వాట్లు అని ఉంటే, గోడలోంచి 60 తీసుకున్నది పాట పాడినంతసేపూ 4000 ఎక్కణ్నుంచి తెస్తుంది? అమెరికాలో ఇలాంటి గొప్పలు శ్రుతి మించితే, వాట్లు ఎలా కొలిచి చెప్పాలో 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన పెట్టాల్సి వచ్చింది. వాట్ల గొడవ ఇంతటితో వదిలేద్దాం.

ఇక అసలు ప్రశ్న. మంచి ఆంప్లిఫయర్‌కీ, నాసిరకానికీ తేడా ఎక్కడుంది? ట్రాన్సిస్టర్ అంటే ఏమిటి అని మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును అదుపు చేసే వస్తువు అనుకోండి, చాలు. దాని గుణం మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అది నిజాయితీ లేని పనివాడు. రెట్టింపు ఇస్తే సరిగ్గా రెట్టింపు తిరిగి ఇవ్వదు. వేడెక్కితే ఒకలా, చల్లబడితే ఒకలా ఉంటుంది. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి కరెంటును 40 రెట్లు పెంచితే రెండోది 90 రెట్లు పెంచవచ్చు. ఇలాంటి పనివాళ్లతో వీణ తీగ మీటు ఉన్నదున్నట్టు 25 రెట్లు పెద్దది కావాలి. ఎలా?

రైస్‌మిల్లులో బస్తాల కాటా చూసిన వారికి జవాబు తెలిసినట్టే. కింద బల్ల మీద బస్తా ఉంటుంది. పైన కడ్డీకి చిన్న తూకంరాయి వేలాడుతుంది. లోపలి మీటల ఏర్పాటు వల్ల కిలో రాయి క్వింటా బస్తాకు సరితూగుతుంది. హమాలీ తట్టతో ధాన్యం పోస్తాడు. అతని తట్ట చిరిగిందా, చెయ్యి వణుకుతోందా, మధ్యాహ్నానికి అలిసిపోయాడా అన్నది ఎవరికీ పట్టదు. కడ్డీ పైకుంటే తీస్తాడు, కిందికుంటే పోస్తాడు. చివరికి బస్తా తూకం సరిగ్గా ఉందంటే ఆ గొప్ప హమాలీది కాదు. రాయి, మీట సరిగ్గా ఉన్నాయి, అంతే.

ఆంప్లిఫయర్‌లో తూకంరాయి లోపలికి వచ్చే సిగ్నల్. బస్తా బయటికి వెళ్లే సిగ్నల్. మీట అంటే రెండే రెండు రెసిస్టర్లు, కరెంటును అడ్డుకునే చిన్న ముక్కలు. ఔట్‌పుట్‌ను 25వ వంతుకు తగ్గించి వెనక్కి తెస్తాయి. దాన్ని ఇన్‌పుట్‌తో పక్కపక్కన పెట్టి తూచి, తేడా ఉంటే ఆ తేడాతోనే ట్రాన్సిస్టర్లను నడిపిస్తారు. దీని పేరు నెగటివ్ ఫీడ్‌బ్యాక్. పాతిక రెట్లు అన్న అంకె వందల రూపాయల పవర్ ట్రాన్సిస్టర్ల చేతిలో లేదు, పైసల్లో దొరికే ఆ రెండు రెసిస్టర్ల చేతిలో ఉంది! దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఈ ఉపాయం తట్టింది హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరుకు. అమెరికాలో టెలిఫోను పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో ఆయన పని. 1927 ఆగస్టు 2న ఆఫీసుకు వెళ్తూ హడ్సన్ నది దాటే పడవలో ఉండగా తట్టిందట. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే బొమ్మ గీసి, లెక్క రాసి సంతకం పెట్టాడు. ఆయన తలనొప్పి సంగీతం కాదు, టెలిఫోను. వేల మైళ్ల లైనులో ఆంప్లిఫయర్లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఒక్కొక్కటి కాస్త పాడుచేసినా చివరికి చేరేసరికి మాట మాటలా ఉండదు. 1928లో పేటెంటుకు అర్జీ పెడితే 1937 డిసెంబరులో గానీ రాలేదు. కష్టపడి వేల రెట్లు పెంచి, అందులో చాలాభాగం చేజేతులా పారేసుకుంటే మేలు జరుగుతుందంటే ఎవరు నమ్ముతారు? బ్రిటన్ పేటెంట్ ఆఫీసు దీన్ని శాశ్వత చలన యంత్రాల కోవలో చూసిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

ఇప్పుడు కాస్త లెక్క. ఫీడ్‌బ్యాక్ లేకుండా ఆంప్లిఫయర్ 10,000 రెట్లు పెంచుతుందనుకుందాం. మనకు కావలసింది 25. పదివేలను పాతికతో భాగిస్తే 400. దానికి ఒకటి కలిపితే 401. ఈ 401 మన చేతిలోని కత్తి, లోపలి దోషాన్ని సుమారుగా ఇన్నో వంతుకు కోసేస్తుంది. ఎండకు వేడెక్కి పదివేలు కాస్తా ఎనిమిదివేలకు పడిపోయినా, బయట కనిపించేది 24.94 బదులు 24.92. లోపల 20 శాతం దెబ్బ తగిలితే బయటికి తెలిసింది 0.06 శాతం. అలాగే లోపల 4 శాతం డిస్టార్షన్, అంటే సిగ్నల్ ఆకారంలో వంకర, ఉంటే బయటికి వచ్చేది 0.01 శాతం.

కానీ ఈ కత్తి అన్ని స్వరాల దగ్గరా ఒకేలా తెగదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లోపలి పెంపు తగ్గుతుంది. 1000 హెర్ట్జ్ (అంటే సెకనుకు వెయ్యి ఊపులు) దగ్గర పదివేలు ఉన్నది 20,000 హెర్ట్జ్ దగ్గర 500 కావచ్చు. అప్పుడు 401 బదులు 21. అదే 4 శాతం దోషం అక్కడ 0.19 శాతంగా మిగులుతుంది. కేటలాగులో డిస్టార్షన్ అంకెను 1000 హెర్ట్జ్ దగ్గర ఒక్కచోటే చూపించి ఊరుకున్నారంటే నాకు అనుమానమే. 20,000 దగ్గర ఎంతో చెప్పినవాడు దాచేదేమీ లేనివాడు.

తూచే పని ఎవరిది? జతగా పెట్టిన రెండు ట్రాన్సిస్టర్లది. రెంటికీ కలిపి ఒకే కరెంటు ఇస్తారు. ఒకటి ఎక్కువ తీసుకుంటే రెండోదానికి తగ్గుతుంది, అచ్చం త్రాసు పళ్లేల్లా. ఈ జతను ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు వాల్వుల రోజుల్లో, 1936లో పేటెంటు చేసినవాడు ఇంగ్లండుకు చెందిన అలన్ బ్లమ్లైన్. స్టీరియోకు పేటెంటు వేసిందీ ఆయనే, 1931లో. 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి, నలభై నిండకుండానే పోయాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ తూకాన్నే ఆప్-ఆంప్ (ఆంప్లిఫయర్ మొత్తం ఇమిడిన చిన్న చిప్) పాఠంలో 'వర్చువల్ షార్ట్' అని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిస్తారు. రెండు ఇన్‌పుట్లూ సమానంగా ఉంటాయి అని రాస్తే మార్కులు పడతాయి. ఎందుకు సమానం, ఎవరు సమానం చేస్తున్నారు అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. ఒక్కసారి కాటా దగ్గరికి తీసుకెళ్తే పోయేది కదా!

ఇక హమాలీల దగ్గరికి. పవర్ ఆంప్లిఫయర్‌లో ఒకడు చాలడు. సిగ్నల్ పైకి పోయేటప్పుడు పోసేవాడు ఒకడు, కిందికి వచ్చేటప్పుడు తీసేవాడు ఇంకొకడు. ఒకడు పనిచేస్తుంటే రెండోవాడు విశ్రాంతిగా ఉంటాడు కాబట్టి కరెంటు ఆదా. చిక్కు చేతులు మారే చోట వస్తుంది. ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టు కావాలి. సిగ్నల్ సున్నా దాటే క్షణంలో "నీ వంతు" అంటే "కాదు, నీ వంతు" అని ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడితే? ఆ క్షణంలో ఎవరూ పనిలో లేరు. కడ్డీ ఎంత ఊగినా చూసేవాడు లేడు, కాబట్టి అక్కడ ఫీడ్‌బ్యాక్ కూడా సరిగ్గా దిద్దలేదు. ఈ లోపం పేరు క్రాసోవర్ డిస్టార్షన్. పెద్ద సౌండులో ఇది కొట్టుకుపోతుంది, తక్కువ సౌండులోనే గరగరలాడుతుంది. వీణ తీగ మీటిన తర్వాత నాదం సన్నబడుతూ పోయే చోట మీ చెవికి తగిలింది ఇదే అయి ఉండవచ్చు.

మందు ఏమిటంటే ఇద్దరినీ కాస్త మేల్కొలిపి ఉంచడం. దాన్ని బయాస్ అంటారు. అయితే ట్రాన్సిస్టర్ ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా ఆ 0.6 వోల్టు సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే వేడెక్కిన కొద్దీ మెలకువ ఎక్కువై, కరెంటు పెరిగి, ఇంకా వేడెక్కి, చివరికి కాలిపోతుంది. అందుకే బయాస్ నిర్ణయించే చిన్న ట్రాన్సిస్టర్‌ను తీసుకెళ్లి పెద్దవాటి వేడిని లాగేసే లోహపు పలకకే, అంటే హీట్‌సింక్‌కే, బిగిస్తారు. వాటి ఒళ్లు కాలితే దీనికి తెలియాలి. నేను మొదట కట్టిన ఆంప్లిఫయర్‌లో ఆ చిన్నదాన్ని బోర్డు మీద దూరంగా పెట్టాను. రెండు 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు, ఒక పాట, సగం చరణం, తర్వాత పొగ. కొత్తవి కొనుక్కొచ్చి బిగిస్తే అవీ పోయాయి. తెరిచి చూస్తే లోపల సిలికాన్ ముక్క గోరులో పావంత ఉంది. పైన నంబరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. ఆ కొట్టు పేరు చెప్పను.

ఫీడ్‌బ్యాక్‌లో అసలు ప్రమాదం ఆలస్యం. కడ్డీ చూసి ధాన్యం పోసేలోపు క్షణం ఆలస్యమైందనుకోండి. అప్పటికే బస్తా ఎక్కువైపోయింది. తీస్తాడు, ఆలస్యంగా తీస్తాడు, తక్కువైపోతుంది. మళ్లీ పోస్తాడు. కడ్డీ పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటుంది, తూకం తెగదు. దిద్దాల్సిన చెయ్యే చెడగొడుతుంది. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు ముందుకు తెస్తే కుయ్యిమని కూత పెడుతుంది కదా, దాని చుట్టమే ఇది. అక్కడ శబ్దం గాలిలోంచి తిరిగొచ్చి తనకు తానే బలం ఇచ్చుకుంటుంది, ఇక్కడ సర్క్యూట్ లోపలే ఆ పని జరుగుతుంది. చాలాసార్లు మన చెవికి అందని ఫ్రీక్వెన్సీలో జరుగుతుంది కాబట్టి పాట కాస్త ముతకగా వినిపిస్తుంది, హీట్‌సింక్ ఊరికే కాలుతుంది, కారణం అంతుపట్టదు. ఎంత ఆలస్యం దాకా భద్రమో 1932లో బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీకి చెందిన హ్యారీ నైక్విస్ట్ లెక్క కట్టి చూపించాడు. అప్పట్నుంచి ఆంప్లిఫయర్ లోపల ఒక చిన్న కెపాసిటర్ (విద్యుత్తును నింపుకునే కుండ లాంటిది) పెట్టి పై ఫ్రీక్వెన్సీల పెంపును కావాలనే తగ్గిస్తున్నారు. ఇందాక పదివేలు 500 అయింది అందుకే.

ఆ కెపాసిటర్ ఇంకో పన్ను వేస్తుంది. దాన్ని నింపే కరెంటుకు హద్దు ఉంటుంది కాబట్టి ఔట్‌పుట్ ఒక వేగం దాటి పరుగెత్తలేదు. హమాలీ ఎంత మంచివాడైనా నిమిషానికి ఇన్ని తట్టలే కదా. 8 ఓముల (ఓము అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు కొలత) స్పీకరుకు 100 వాట్లంటే 40 వోల్టుల శిఖరం. 20,000 హెర్ట్జ్ దగ్గర ఆ శిఖరం ఎక్కాలంటే మైక్రోసెకనుకు 5 వోల్టుల వేగం కావాలి. పాఠ్యపుస్తకాల్లోని 741 ఆప్-ఆంప్ వేగం అర వోల్టే. స్టూడియో మిక్సర్లలో దశాబ్దాలుగా పాతుకుపోయిన ఎన్ఈ5532 ఆప్-ఆంప్ వేగం 9 వోల్టులు. ఈ వేగం చాలని ఆంప్లిఫయర్లు చిటికెల్లాంటి శబ్దాల దగ్గర తడబడతాయని ఫిన్లాండుకు చెందిన మాట్టి ఒటాలా 1970లలో గోల చేశాడు. గోల న్యాయమైనదే. కానీ దాని పుణ్యాన 'ఫీడ్‌బ్యాక్ అంటేనే చెడ్డది' అన్న మూఢనమ్మకం ఒకటి పుట్టి, 'మాది ఫీడ్‌బ్యాక్ లేని ఆంప్లిఫయర్' అని గొప్పగా అమ్ముకునే దాకా వెళ్లింది. హమాలీ నెమ్మది అయితే కాటా తీసేస్తారా? ఇంగ్లండుకు చెందిన పీటర్ బాక్సండాల్ ఆ దశాబ్దం చివర్లో శ్రద్ధగా కొలిచి చూపించాడు. కొంచెం ఫీడ్‌బ్యాక్ వేస్తే దోషం మళ్లీ లోపలికి వెళ్లి కొత్త హార్మోనిక్స్‌ను, అంటే అసలు పాటలో లేని పై స్వరాలను, పుట్టిస్తుంది, నిజమే. బాగా వేస్తే అవి కూడా అణిగిపోతాయి. మొహమాటపడితేనే చెడుతుంది.

కచేరీ హాళ్లలో, స్టూడియోల్లో వాడే పరికరాలకు ఇంకో గుణం కావాలి. మైకు వేదిక మీద ఉంటుంది, మిక్సర్ హాలు వెనక ఉంటుంది, మధ్యలో యాభై మీటర్ల కేబులు, దాని పక్కనే లైట్ల వైర్లు. కాటా పక్కనుంచి లారీలు పోతూ నేలంతా అదురుతున్నట్టన్నమాట. అందుకే ఒకే సిగ్నల్‌ను రెండు వైర్లలో, ఒకదానికొకటి తలకిందులుగా పంపుతారు. దారిలో అంటుకున్న గుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్ రెండు వైర్లకూ సమానంగా అంటుకుంటుంది. అవతల త్రాసు తేడాను మాత్రమే చూస్తుంది. రెండు పళ్లేలూ కలిసి అదిరితే ముల్లు కదలదు. అయితే ఆ రెండూ నిజంగా సమానంగా ఉండాలి. ఒక్క శాతం అటూఇటూ ఉండే మామూలు రెసిస్టర్లు నాలుగు పెట్టి కడితే, అన్నీ ఎదురుతిరిగిన రోజున హమ్ 50వ వంతుకు మాత్రమే తగ్గుతుంది. స్టూడియో సామాను ఖరీదులో కొంత ఈ సమానత్వానికి కట్టే ధరే.

ఇక బంగారు వైరు. స్పీకరు వైర్ల మీద బాణం గుర్తు వేసి, ఇటునుంచి అటు పెట్టాలని అమ్ముతారు. పాట కరెంటు సెకనుకు వేలసార్లు అటూఇటూ తిరుగుతుంది, బాణం ఏ ప్రయాణానికి? కొట్టు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకోవడం దీనికన్నా నయం, పది రూపాయలతో పోతుంది. ఇళ్లలో వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. స్పీకరు అయిదు మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 0.07 ఓము. స్పీకరు 8 ఓములు. ఒక్క శాతం కూడా కాదు.

కానీ ఒక మాట. ఫీడ్‌బ్యాక్ తూకం ఆంప్లిఫయర్ వెనకున్న స్క్రూల దగ్గరే అయిపోతుంది. కాటా దిగిన బస్తా లారీ ఎక్కేలోపు చిందిన గింజలు ఎవరి లెక్కలోకీ రావు. ఆ చిందడమంతా స్పీకరులో జరుగుతుంది. బాగా కట్టిన ఆంప్లిఫయర్ దోషం 0.01 శాతం అయితే, మంచి స్పీకరు కూడా మంద్రస్వరాల్లో గట్టిగా పాడితే ఒక శాతం దాటేస్తుంది. మీ నాన్నగారి స్పీకర్లు ఇంకా ఇంట్లోనే ఉంటే, మీ అబ్బాయి డబ్బాకు అవి ఒకసారి తగిలించి వినండి. తగిలించే ముందు రెండింటి మీదా ఎన్ని ఓములని రాసి ఉందో మాత్రం చూసుకోండి.