గోడ దూకే ముందు కుర్చీ దిగిన మనిషి

'ప్రభుత్వ ఖర్చు అదుపు తప్పింది, అందుకే పార్టీ మారాను' అని అమెరికాలో ఏ నేత అన్నా ఒకటే రగడ. నిజంగా లెక్కల కోసమేనా, టికెట్ కోసమా? మారితే మారాడు, పాత పార్టీ గుర్తు మీద గెలిచిన సీటు ఎందుకు వదలడు? ఈ రెండో ప్రశ్న లేచినప్పుడల్లా ఫిల్ గ్రామ్ పేరు బయటికొస్తుంది. అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ రీగన్ గెలుపు, దక్షిణాది డెమొక్రాట్ల అలక చాలామందికి తెలిసిన కథే. మనకు కావలసింది 1983 మొదట్లో గడిచిన 38 రోజులు.

గ్రామ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1978లో టెక్సాస్ నుంచి డెమొక్రాట్‌గా ప్రతినిధుల సభకు వెళ్లారు. పార్టీ పెద్ద జిమ్ రైట్‌దీ టెక్సాసే. ఆయన చొరవతోనే గ్రామ్‌కు బడ్జెట్ కమిటీలో చోటు దొరికింది. 1981లో గ్రామ్ చేసిన పనేమిటంటే, ఒహాయో రిపబ్లికన్ డెల్బర్ట్ లాటాతో చేయి కలిపి, డెమొక్రాట్ల మెజారిటీ ఉన్న సభలోనే రీగన్ బడ్జెట్‌ను గట్టెక్కించడం. మే నెలలో 253–176తో అది నెగ్గింది. సొంత పార్టీని కాదని ఓటేసిన డెమొక్రాట్లు 63 మంది. ఇలాంటివాళ్లకు అప్పట్లో 'బోల్ వీవిల్స్' అని పేరు. పత్తికాయను లోపల్నుంచి తొలిచేసే పురుగది.

జూన్‌లో గ్రామ్, లాటా తెచ్చిన రెండో బిల్లును ఎంత హడావిడిగా తయారు చేశారంటే, ఎవరో మార్జిన్‌లో రాసుకున్న ఒక ఉద్యోగి పేరు, ఫోన్ నంబర్ కూడా అందులో ఉండిపోయాయి. పైసా పైసా లెక్క చూస్తామన్నవాళ్ల బిల్లు అది!

డెమొక్రాట్ల ఫిర్యాదు చిన్నదేం కాదు. తలుపులు మూసుకుని తాము వేసుకున్న ప్లాన్లు గ్రామ్ ద్వారా వైట్‌హౌస్‌కు చేరిపోయాయన్నారు. 1982లో ఆయన మళ్లీ డెమొక్రాట్‌గానే గెలిచినా, 1983 జనవరిలో కొత్త సభ మొదలవుతూనే బడ్జెట్ కమిటీ నుంచి తీసేశారు.

అక్కడే గ్రామ్ ఎవరూ ఊహించని పని చేశారు. పార్టీ మారి అదే కుర్చీలో కూర్చోవచ్చు, ఆపే చట్టం అక్కడ లేదు. అయినా జనవరి 5న సీటుకు రాజీనామా చేసి, ఉప ఎన్నికలో రిపబ్లికన్‌గా నిలబడ్డారు. డెమొక్రాట్ల నేత, సభ స్పీకర్ టిప్ ఓనీల్ కావాలా, మీరు కావాలా అని తేల్చుకోవలసి వచ్చిందనీ, మీ వైపే నిలిచాననీ ఓటర్లకు చెప్పుకున్నారు. ఫిబ్రవరి 12న సగానికి పైగా ఓట్లతో గెలిచారు. గెలుస్తానన్న ధీమాతోనే దిగారని గిట్టనివాళ్లు అంటారు. కావచ్చు. ధీమా ఉన్నవాళ్లు మాత్రం ఎంతమంది దిగారు?

2001లో సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ కుర్చీ దిగలేదు. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ పన్ను కోతలతో, ప్రత్యేక విద్యకు నిధుల విషయంలో పేచీపడి రిపబ్లికన్ పార్టీని వదిలారు. 50–50గా ఉన్న సెనేట్ డెమొక్రాట్ల చేతికి పోయింది, ఓటరును ఎవరూ అడగలేదు. 2009లో ఆర్లెన్ స్పెక్టర్ కూడా అంతే. డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన ప్యాకేజీకి ఓటేసిన ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లలో ఆయనొకరు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలో ప్రత్యర్థిగా పాట్ టూమీ కాచుకుని ఉన్నారు. ఏప్రిల్‌లో స్పెక్టర్ డెమొక్రాట్ అయిపోయారు. మరుసటి ఏడాది డెమొక్రాట్ ప్రైమరీలో ఓడిపోయారు, సీటు టూమీకే దక్కింది. అదే 2009 డిసెంబరులో డెమొక్రాట్ల నుంచి రిపబ్లికన్లలోకి దూకిన అలబామా సభ్యుడు పార్కర్ గ్రిఫిత్‌కూ కొత్త పార్టీ ప్రైమరీలోనే ఓటమి.

ఇంతకీ లెక్కల సంగతి. సెనేట్‌కు వెళ్లిన గ్రామ్ 1985లో సెనేటర్లు రడ్మన్, హోలింగ్స్‌తో కలిసి తెచ్చిన చట్టం 1991కల్లా బడ్జెట్ లోటును సున్నా చెయ్యాలంది. లక్ష్యం దాటితే ఖర్చులకు ఆటోమేటిక్‌గా కోత. మొదటి ఏడాది లక్ష్యం 171.9 బిలియన్ డాలర్లు, తేలిన లోటు 221 బిలియన్లు. కోత విధానంలో కీలక భాగాన్ని 1986లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1987లో గడువును 1993కు జరిపారు. చివరికి ఆ లక్ష్యాల పద్ధతినే పక్కనపెట్టే కొత్త చట్టం మీద 1990 నవంబరు 5న అప్పటి అధ్యక్షుడు బుష్ సీనియర్ సంతకం పెట్టారు. మర్నాడే టెక్సాస్‌లో పోలింగ్. గ్రామ్ రెండోసారి సెనేట్‌కు గెలిచారు.