ఉష్ణగుండంలో దిగే ముందు: అపోహలు - వాస్తవాలు

కాలిన గాయాలకు వైద్యం చేసే డాక్టర్ని కాబట్టి, వేడినీటి బుగ్గలకు వెళ్లొద్దంటానని అందరూ అనుకుంటారు. అననే అనను. నాకూ అవంటే ఇష్టమే. కాకపోతే బయల్దేరే ముందు జనం ధీమాగా అనే మాటలు కొన్ని ఉన్నాయి, అవి వింటే నాకు టెన్షన్.

అపోహ: అందరూ దిగుతున్నారు కాబట్టి నీళ్లు మరీ వేడిగా ఉండవు.

వాస్తవం: గీజరుకు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉంటుంది, భూమికి ఉండదు. వాన నీరు రాళ్ల పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. చాలాచోట్ల కిలోమీటరు లోతుకు దాదాపు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. ఆ నీరు ఎంత లోతు నుంచి పైకొచ్చింది, దారిలో చన్నీళ్లు ఎన్ని కలిశాయి అన్నదాన్నిబట్టి ఒక్కో బుగ్గ ఒక్కో తీరు. ఒకే గుండంలో కూడా ఒడ్డున గోరువెచ్చగా ఉండి, ఊట పుట్టేచోట పొక్కులు లేచేంత వేడి ఉండొచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు 40 డిగ్రీలు హద్దు అనుకోండి. 50 దగ్గర కొన్ని నిమిషాల్లో, 60 దగ్గర ఐదారు సెకన్లలోనే చర్మం లోతుగా కాలుతుంది. పిల్లల చర్మం పల్చన, ఇంకా త్వరగా కాలుతుంది. "చెయ్యి పెట్టి చూశాం డాక్టరు గారూ, బాగానే ఉంది" అంటారు. ఎవరి చెయ్యి? రోజూ వేడి గిన్నెలు పట్టి మొద్దుబారిన చేతి మాట నమ్మి రెండేళ్ల పిల్లాణ్ని దించకండి. వంటకు వాడే థర్మామీటర్ ఒకటి తీసుకెళ్లండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 42-43 దగ్గరే ఆగిపోతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లయితే అసలు దిగకపోవడమే మేలు. కాలు కాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు, గట్టెక్కాక చూసుకుంటే బొబ్బలు.

అపోహ: అంత వేడిలో ఏ క్రిమీ బతకదు.

వాస్తవం: బతుకుతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల్లో 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే బ్యాక్టీరియాని 1960ల్లోనే కనుక్కున్నారు. కరోనా నిర్ధారణకు వాడిన పీసీఆర్ పరీక్షల పద్ధతి నిలబడింది దాన్నుంచి తీసిన ఎంజైమ్‌తోనే. ఆ బ్యాక్టీరియా మనల్నేమీ చేయదు. మనం జాగ్రత్తపడాల్సింది నేగ్లేరియా ఫౌలరీ అనే అమీబాతో. 46 డిగ్రీల దాకా ఇది పెరుగుతుంది, ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో పాత రోమన్ వేడినీటి కొలనులో ఈదిన ఒక బాలిక 1978లో దీనివల్లే చనిపోయింది. ఆ తర్వాత అక్కడ స్నానాలు ఆపేశారు. చాలా అరుదైన జబ్బే, కానీ సోకితే బతికేవాళ్లు బహు కొద్దిమంది. మింగిన నీటితో ఇది రాదు, ముక్కులోకి వెళ్లిన నీటితోనే వస్తుంది. అందుకే తల ముంచొద్దు, పిల్లల్ని మొహాల మీద నీళ్లు చిమ్ముకోనివ్వొద్దు. తిరిగొచ్చాక వారం పది రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం ఉంటే, బుగ్గలో స్నానం చేసిన సంగతి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. మాకు ఊహించడం కష్టం.

అపోహ: ఎంతసేపు నానితే అంత మంచిది.

వాస్తవం: కీళ్ల నొప్పులకు కాసేపు ఉపశమనం నిజమే. కానీ వేడికి రక్తనాళాలు విప్పారి బీపీ పడిపోతుంది. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. పది, పదిహేను నిమిషాలు చాలు, నెమ్మదిగా లేవండి. మందు తాగి దిగడం గురించి వేరే చెప్పాలా? గర్భిణులు, ముఖ్యంగా తొలి నెలల్లో, ఒంటి వేడి 39 డిగ్రీలు దాటేలా నీళ్లలో ఉండకూడదు.

అపోహ: కుళ్లిన గుడ్ల వాసన వస్తే నీళ్లు పాడైనట్టే.

వాస్తవం: అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. వెండి పట్టీలు నల్లబడేదీ గంధకం వల్లే. ఆరుబయట సాధారణంగా భయం లేదు. నాలుగు గోడల స్నానాల గదిలో మాత్రం గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. ఘాటుగా ఉన్న వాసన ఉన్నట్టుండి మాయమైతే అలవాటైందనుకోకుండా బయటికి రండి.

అపోహ: ఆ నీళ్లు తాగితే ఒంటికి మంచిది.

వాస్తవం: వేడి నీరు రాళ్లలోని ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటివాటిని కూడా కరిగించుకుని వస్తుంది. పరీక్ష చేయని ఊట నీరు తాగొద్దు.

అపోహ: కాలితే టూత్‌పేస్ట్ రాస్తే చాలు.

వాస్తవం: ముందు ఆ పేస్టు కడిగి వదిలించడానికే మాకు పావుగంట. కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయండి, ఐసు మాత్రం పెట్టొద్దు. బుగ్గ పక్కన చన్నీళ్ల కుళాయి ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, బండిలో ఓ పెద్ద క్యాన్ మామూలు నీళ్లు పడేసుకుని బయల్దేరండి.