బ్రౌజర్‌లో చిరునామాను కుడివైపు నుంచి చదవాలి

ఇంట్లో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో బ్యాంకు పనులు చేసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: చిరునామా పక్కన తాళం గుర్తు కనిపిస్తున్నప్పుడు ఆ సైట్ నకిలీది ఎలా అవుతుంది? ఈ సందేహం న్యాయమైనదే, ఎందుకంటే ఏళ్ల తరబడి కరపత్రాలూ శిక్షణ తరగతులూ "తాళం ఉందో లేదో చూసుకోండి" అనే నేర్పాయి. తాళం చెప్పేది ఇంత మాత్రమే: మీ బ్రౌజర్‌కూ, చిరునామా పట్టీలో ఉన్న పేరు గల సర్వర్‌కూ మధ్య సాగే సమాచారాన్ని దారిలో మరొకరు చదవలేరు, మార్చలేరు. ఆ పేరు పెట్టుకున్నది బ్యాంకా, దొంగా అన్నది తాళం పరిధిలోని విషయం కాదు.

1990ల నడుమ నెట్‌స్కేప్ బ్రౌజర్ ద్వారా ఈ పద్ధతి వెబ్‌లోకి వచ్చినప్పుడు, సైట్ పేరును ధ్రువీకరించే డిజిటల్ పత్రమైన సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి, కాగితాలు చూపాలి. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ అందరికీ ఉచితంగా, నిమిషాల్లో సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దీనివల్ల వెబ్ మొత్తానికి జరిగిన మేలు చాలా పెద్దది. చిన్న పాఠశాల సైట్ కూడా రహస్య లిపిలో మాట్లాడగలుగుతోంది. అయితే ఒక పేరు తన అధీనంలో ఉందని నిరూపించుకున్న ప్రతివారికీ సర్టిఫికెట్ దొరుకుతుంది కనుక, మోసగాడు కొన్న పేరుకూ అది దొరుకుతుంది. తాళాన్ని జనం మంచితనానికి ముద్రగా పొరపాటుపడుతున్నారని గుర్తించి, 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ గుర్తును తీసేసి దాని స్థానంలో సెట్టింగుల గుర్తు పెట్టింది. తాళం కనిపిస్తే చాలన్నది ఒక మూఢనమ్మకంగా స్థిరపడిపోయింది, దాన్ని తరగతి గదుల్లోంచి కూడా తీసేయవలసిన సమయం వచ్చింది.

మరి దేన్ని చూడాలి? పేరును చూడాలి, అదీ కుడివైపు నుంచి చూడాలి. ఉత్తరం మీద మనం ముందు మనిషి పేరు, తరువాత ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా, చివర పిన్ కోడ్ రాస్తాం. తపాలా శాఖ మాత్రం కింది నుంచి పైకి చదువుతుంది. పిన్ కోడ్ మొదటి అంకె 5 అయితే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు సాగుతుంది. తరువాత జిల్లా, ఆపైన ఊరు, చిట్టచివరికి ఇల్లు. వెబ్ చిరునామా కూడా సరిగ్గా ఇదే క్రమంలో పనిచేస్తుంది. చివర ఉన్న ".ఇన్", ".కామ్" వంటివి పిన్ కోడ్ లాంటివి, దానికి ఎడమన ఉన్న మాట ఊరు, ఇంకా ఎడమన ఉన్నవి వీధులూ ఇళ్లూ. ఊహించుకున్న ఒక బ్యాంకు పేరుతో ఉదాహరణ చెబుతాను. (చిరునామా పట్టీలో ఇది రోమన్ లిపిలో ఉంటుంది.) "మనబ్యాంకు.బ్యాంక్.ఇన్.లాగిన్‌కేవైసీ.కామ్" అన్న చిరునామాను ఎడమ నుంచి చదివినవారికి బ్యాంకు కనిపిస్తుంది. కుడి నుంచి చదివినవారికి ".కామ్" అనే పిన్ కోడ్‌లోని "లాగిన్‌కేవైసీ" అనే ఊరు కనిపిస్తుంది. మిగిలినదంతా ఆ ఊరివాడు తన ఇంటి గోడ మీద రాసుకున్నది. మారుమూల పల్లెలో ఒకాయన తన ఇంటికి "రాష్ట్రపతి భవన్" అని పేరు పెట్టుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు, కానీ ఆ పేరుతో వచ్చిన ఉత్తరం ఢిల్లీకి వెళ్లదు, ఆ పల్లెకే వెళ్తుంది. పేరు కొన్నవారు దానికి ఎడమన ఏం రాసుకోవడానికైనా స్వతంత్రులు. అక్కడ ఎవరి అనుమతీ అక్కరలేదు. అదే విధంగా మొదటి ఏటవాలు గీత తరువాత వచ్చేదంతా ఇంటి లోపలి గదుల పేర్లు. "లాగిన్‌కేవైసీ.కామ్/మనబ్యాంకు.బ్యాంక్.ఇన్" అని ఉంటే బ్యాంకు పేరు గీత తరువాత ఉంది కనుక దానికి ఏ విలువా లేదు. కాబట్టి "హెచ్‌టీటీపీఎస్" తరువాత వచ్చే రెండు గీతలు దాటి, మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కు చదవాలి. ఫోన్‌లో పట్టీ ఇరుకుగా ఉండి పొడవైన పేరు పూర్తిగా కనిపించకపోతే, పట్టీని నొక్కి వేలితో జరిపి అసలు ఊరు పేరు దొరికేదాకా చూడడం అవసరం.

ఈ క్రమంలోనే మన దేశంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, అన్ని బ్యాంకులూ తమ సైట్లను అక్టోబరు 31లోగా ".బ్యాంక్.ఇన్"కు మార్చాలని ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే ఏకైక సంస్థ, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివారికి ఈ తోక దొరకదు. అంటే కుడి నుంచి చదివేవారికి ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది, చివర ముందు చుక్కతో సహా ".బ్యాంక్.ఇన్" ఉంటే దానికి వెంటనే ఎడమన ఉన్నదే బ్యాంకు పేరు. "బ్యాంక్‌ఇన్.కామ్", "బ్యాంక్-ఇన్.నెట్" వంటివి దానికి ఏమీ కావు, ఆ చిన్న చుక్క ఉన్నచోటే ఉండాలి.

కుడి నుంచి చదివినా కన్ను మోసపోయే సందర్భం ఒకటుంది. 2017 ఏప్రిల్‌లో ఒక పరిశోధకుడు రష్యన్ వంటి భాషలకు వాడే సిరిలిక్ లిపి అక్షరాలతో ఆపిల్ సంస్థ పేరు లాగే కనిపించే చిరునామాను నమోదు చేసి చూపించాడు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో రెండింటికీ తేడా తెలియలేదు. తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. తెలుగు లిపిలోనే ".భారత్" తోకతో చిరునామాలు తీసుకునే వీలుంది, తెలుగు కన్నడ లిపుల్లో అచ్చం ఒకేలా కనిపించే అక్షరాలు చాలా ఉన్నాయి. అందుకే ఒకే పేరులో లిపులు కలపకూడదన్న నియమాలు పెట్టారు, అనుమానం వస్తే బ్రౌజర్ ఆ పేరును రోమన్ అక్షరాలు, అంకెలు కలిసిన సంకేత రూపంలో చూపిస్తుంది.

పేరు సరైనదే అనుకుందాం. ఆ పేరు గల అసలు సర్వరే జవాబిస్తోందని బ్రౌజర్‌కు ఎలా తెలుస్తుంది? బ్రౌజర్, సర్వర్ రహస్యంగా మాట్లాడుకునే నియమావళిని టీఎల్ఎస్ అంటారు; 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 పద్ధతిలో బ్రౌజర్ ముందుగా ఒక యాదృచ్ఛిక సంఖ్యనూ, ఆ ఒక్క సంభాషణ కోసమే పుట్టించిన తాళంచెవిలోని బహిరంగ భాగాన్నీ పంపుతుంది. సర్వర్ తన బహిరంగ భాగాన్నీ, సర్టిఫికెట్‌నూ, అంతవరకూ సాగిన సంభాషణ మొత్తం మీద తన రహస్య తాళంచెవితో చేసిన సంతకాన్నీ తిరిగి పంపుతుంది. ఇద్దరూ తమ దగ్గరే ఉంచుకున్న రహస్య భాగాన్ని అవతలివారి బహిరంగ భాగంతో కలిపి, విడివిడిగా ఒకే రహస్య సంఖ్యను లెక్కగడతారు. దారిలో అన్నీ విన్నవారికి కూడా ఆ సంఖ్య దొరకదు. తరువాత బ్రౌజర్ సర్టిఫికెట్‌లోని పేరు పట్టీలోని పేరుతో సరిపోయిందా, గడువు ఉందా, దాని మీద సంతకం చేసిన సంస్థ నుంచి వరుసగా పైకి వెళ్తే తాను ముందే నమ్మిన మూల సంస్థల జాబితాకు చేరుతున్నదా అని చూస్తుంది. ఈ గొలుసులో ఏ ఒక్క సంస్థ తడబడినా ప్రమాదమే. 2014 జులైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సంతకంతో గూగుల్ పేర్లకు అనుమతి లేని సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ బయటపెట్టింది. అవి విండోస్ నమ్మే జాబితా ద్వారా చెల్లుబాటయ్యాయి, సొంత జాబితా ఉన్న ఫైర్‌ఫాక్స్‌లో చెల్లలేదు. అటువంటివి దాగకుండా ఉండేందుకే, 2018 ఏప్రిల్ తరువాత జారీ అయిన ప్రతి సర్టిఫికెట్ ఎవరైనా తనిఖీ చేయగల బహిరంగ చిట్టాలో నమోదై ఉండాలని క్రోమ్ నియమం పెట్టింది. చిట్టాలోని పాత నమోదును మార్చితే పట్టుబడేలా, ప్రతి నమోదు గణిత ముద్రనూ (నమోదులో ఒక్క అక్షరం మారినా మారిపోయే సంఖ్యనూ) జతలు జతలుగా కలుపుతూ పైన ఒకే ముద్రకు చేర్చే ఏర్పాటు అందులో ఉంది. నాకు వెబ్ మొత్తంలో ఇంతకంటే అందమైన నిర్మాణం కనిపించదు.

గడువు పరీక్షతో ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పాత కంప్యూటర్ మదర్‌బోర్డులోని చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కు పోతుంది, అప్పుడు ప్రతి సైట్‌కూ "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తుంది. దాన్ని దాటుకుని ముందుకు వెళ్లకుండా, ముందు తేదీ సరిచేయాలి. తేదీ సరిగ్గా ఉండి కూడా హెచ్చరిక వస్తే అది నిజమైన హెచ్చరికే.

ఇంత శ్రద్ధగా చదివే ఓపిక ప్రతిసారీ ఉండదు, అలసిన కన్ను ఒక అక్షరాన్ని వదిలేస్తుంది. అందువల్ల పాస్‌వర్డ్‌లను బ్రౌజర్‌లోనో నమ్మకమైన పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో దాచుకోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. అది పేజీ రంగులనూ లోగోనూ చూడదు, పేరును మాత్రమే పోల్చుతుంది. పేరు కలవకపోతే పాస్‌వర్డ్ నింపదు. రోజూ నింపే చోట ఇవాళ నింపలేదంటే అక్కడే ఆగి చిరునామా చూడాలి, పాస్‌వర్డ్‌ను చేత్తో టైప్ చేయకూడదు. పాస్‌కీ అనే కొత్త పద్ధతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో రహస్య తాళంచెవి మీ పరికరం నుంచి సైట్‌కు ఎన్నడూ వెళ్లదు, సంతకం చేసే సమాచారంలో సైట్ పేరును బ్రౌజరే చేర్చుతుంది. కాబట్టి నకిలీ సైట్ రాబట్టిన సంతకం అసలు సైట్‌లో చెల్లదు.

నకిలీ పేజీలో వివరాలు ఇచ్చేశామని తెలిసి, ఖాతాలోంచి డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు వేగంగా మళ్లిస్తారు, అది ఇంకా ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ఉండగా ఫిర్యాదు చేరితేనే దాన్ని అక్కడ నిలిపివేయడానికి వీలుంటుంది.